చిన్న తెరచాప పడవకు లంగరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి పడవల గురించి ఉత్తరాలు రావడమే అరుదు. ఈసారి వచ్చినవాటిలో లంగరు గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. మొదటి ఉత్తరంలోని ఇబ్బందే మిగతా ప్రశ్నల్లో చాలావాటికి మూలం కాబట్టి దానికి కొంత వివరంగా జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: నేనూ మా బావమరిదీ కలిసి చెన్నైలో 16 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొని, ట్రైలర్ మీద తిరుపతికి తెచ్చి మరమ్మతు చేయించాము. అనుమతి తీసుకుని పులికాట్ సరస్సులో 4 అడుగుల నీటిలో లంగరు వేసి భోజనానికి కూర్చుంటే, మధ్యాహ్నం గాలి పెరిగేసరికి పడవ లంగరును ఈడ్చుకుంటూ జాలర్ల వలల వైపు జరిగిపోయింది. లోతుకు అయిదు రెట్లు తాడు వదలాలని విని 20 అడుగులు వదిలాము. పడవతో పాటు వచ్చిన లంగరుకు నాలుగు కొక్కేలున్నాయి, బరువు 6 కిలోలు ఉంటుంది. తాడు నీలిరంగు ప్లాస్టిక్‌ది. ఇక్కడే వెల్డింగు షాపులో 12 కిలోల లంగరు చేయించుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చేయించవద్దు. బరువు రెట్టింపు చేసినంత మాత్రాన మీ ఇబ్బంది తీరదు. ఊగే పడవ ముక్కు మీద నిలబడి ఆ 12 కిలోలను ఎత్తే మనిషికి నడుము నొప్పి మాత్రం తప్పకుండా వస్తుంది. చిన్న పడవ లంగరు తన బరువుతో పడవను ఆపదు. నీటి అడుగున మట్టిలోకి దిగబడి, ఆ మట్టి పట్టుతోనే ఆపుతుంది. అది దిగబడాలంటే తాడు దాన్ని నేల వెంబడి లాగాలి గానీ పైకి లాగకూడదు. దుక్కిలో ఏడికోల పైకి లేచిందంటే కర్రు నేలను ఎలా వదిలేస్తుందో, తాడు నిటారుగా లాగిన కొద్దీ లంగరు కూడా మట్టిని అలాగే వదిలేస్తుంది.

మీరు వదిలిన తాడునే లెక్క వేసి చూద్దాము. లోతు 4 అడుగులు కాబట్టి అయిదు రెట్లంటే 20 అడుగులని మీరు అనుకున్నారు. కానీ తాడు మొదలయ్యేది నీటి మట్టం దగ్గర కాదు, పడవ ముక్కు మీద మీరు కట్టిన చోట. మీ పడవ వంటి వాటిలో ఆ చోటు నీటికి సుమారు 2.5 అడుగుల ఎత్తున ఉంటుంది. రెండూ కలిపితే 6.5 అడుగులు. అంటే మీరు వదిలిన 20 అడుగులు అసలు ఎత్తుకు మూడు రెట్లే, తాడు బిగిసినప్పుడు లంగరును నేలకు సుమారు 19 డిగ్రీల కోణంలో పైకి లాగుతూ ఉన్నట్టే. అదే ఏడు రెట్లు, అంటే 45 అడుగులు వదిలి ఉంటే ఆ కోణం 8 డిగ్రీలకు తగ్గి ఉండేది. లోతైన నీటిలో పడవ ముక్కు ఎత్తును లెక్కలోకి తీసుకోకపోయినా పెద్ద తేడా పడదు గానీ, సగటు లోతు మీటరుకు అటూ ఇటూగా ఉండే పులికాట్‌లో ఆ రెండున్నర అడుగులే లెక్కను తలకిందులు చేస్తాయి. సముద్రంలో అయితే దీనికి పోటును కూడా కలపాలి. చెన్నై తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య తేడా సుమారు మీటరు ఉంటుంది కాబట్టి, ఆటు సమయంలో 10 అడుగుల నీటిలో లంగరు వేసినవారు పోటుకు 3, ముక్కు ఎత్తుకు 2.5 కలిపి, 15.5 అడుగులకు ఏడు రెట్లు, అంటే దాదాపు 108 అడుగులు వదలవలసి వస్తుంది. అందుకే పడవలో 130 అడుగులకు తక్కువ కాకుండా తాడు ఉంచుకోమని మా సలహా.

గాలి కాస్త పెరిగేసరికి పడవ జరిగిపోయిందని రాశారు. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద దాని తోపుడు నాలుగింతలవుతుంది. ఉదయం పూట ఎంత తాడు వేసినా నిలిచే పడవ, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక నిలవకపోవడంలో వింత లేదు. భోజనానికి అయిదు రెట్లు, గాలి ఉన్నప్పుడు ఏడు రెట్లు, తుఫాను వాతావరణంలో చిక్కుకుంటే పది రెట్లు అన్నది పడవవాళ్లు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క.

ఇక లంగరు రకం. నాలుగు కొక్కేల లంగరు రాళ్లలో పట్టుకుంటుంది గానీ పులికాట్ బురదలో అది గీతలు గీసుకుంటూ పోతుందే తప్ప దిగబడదు. తేలికైన లంగరు కూడా గట్టిగా పట్టగలదని చూపినవారిలో జి.ఐ. టేలర్ ఒకరు, ద్రవాల కదలికల శాస్త్రంలో పేరుపొందిన ఈ బ్రిటిష్ శాస్త్రవేత్తకు స్వయంగా తెరచాప పడవ నడిపే అలవాటు ఉండేది, నాగలి ఆకారంలో ఆయన రూపొందించిన సి.క్యు.ఆర్. లంగరు 1933లో వచ్చింది. మీ పడవకు మాత్రం అంతకన్నా డాన్‌ఫర్త్ రకం బాగా నప్పుతుంది. రెండు వెడల్పాటి పలుచని రెక్కలు, వాటి మధ్య అటూ ఇటూ తిరిగే కాడ ఉండే ఈ రకం బురదలోనూ ఇసుకలోనూ దిగబడుతుంది, పని అయ్యాక బల్లపరుపుగా మడుచుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డుకు చేర్చే పడవలకు ఈ రకాన్నే వాడారు. మీ పడవకు 4 కిలోల డాన్‌ఫర్త్ చాలు. ఇంట్లో ఉన్న నాలుగు కొక్కేల దాన్ని పారేయకండి, రాతి అడుగున్న చోట అదే పనికివస్తుంది. వెల్డింగు షాపు మాటకు వస్తే, రెక్కకూ కాడకూ మధ్య కోణం కొద్దిగా తప్పినా లంగరు మట్టిలోకి దిగదు. గేటు, గ్రిల్లు బాగా చేసే పనివాడికి ఆ కోణంతో పనిపడి ఉండదు కదా.

నీలిరంగు తాడును తప్పకుండా మార్చండి. అటువంటి ప్లాస్టిక్ తాళ్లు నీటిపై తేలుతాయి, కాబట్టి లంగరును పైకి లాగే గుణం వాటికి పుట్టుకతోనే ఉంటుంది. పైగా వదులుగా ఉన్నప్పుడు నీటి మీద తేలి పక్క పడవ ఇంజను పంకాకు చుట్టుకుంటాయి, మన ఎండలకు రెండు మూడు వేసవుల్లో పెళుసెక్కి పొడి రాలుస్తాయి. మూడు పురుల 10 మిల్లీమీటర్ల నైలాన్ తాడు కొనండి. అది నీటిలో మునుగుతుంది, సుమారు 2 టన్నుల లాగుడు దాకా తెగదు, అన్నిటికంటే ముఖ్యంగా సాగుతుంది. అల వచ్చి పడవను వెనక్కి తన్నినప్పుడు ఆ కుదుపును తాడు సాగి మింగేస్తే, లంగరు దాకా అది చేరదు. బలం చూస్తే 8 మిల్లీమీటర్లది కూడా చాలు గానీ, తడి చేతులతో లాగేటప్పుడు సన్న తాడు అరచేతులు కోస్తుంది.

తాడుకూ లంగరుకూ మధ్య 15 అడుగుల గొలుసు వేయండి. గాల్వనైజ్ చేసిన 6 మిల్లీమీటర్ల గొలుసు ఆ పొడవుకు 4 కిలోలు తూగుతుంది. లంగరు కాడను నేలకు అదిమి ఉంచడం దాని పని, గుల్లలూ రాళ్లూ తాడును కోయకుండా కాపాడటం కూడా దాని పనే. అయితే గొలుసు ఉంది కదా అని తాడు పొదుపు చేయకూడదు. గాలి బలంగా వీచినప్పుడు ఈ కాస్త గొలుసు కూడా నిటారుగా లేచిపోతుంది.

అన్నిటినీ ఇంట్లోనే కలిపి సిద్ధం చేసుకోండి. తాడు చివర థింబుల్, అంటే ఉచ్చు లోపల తాడు అరగకుండా కాచే లోహపు గాడి కడియం, పెట్టి, దాని చుట్టూ పురులు విప్పి అల్లి ఉచ్చు వేయించండి. మామూలు ముడి వేస్తే తాడు బలంలో మూడోవంతు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పోతుంది. ఆ ఉచ్చును గొలుసుకు, గొలుసును లంగరుకు, మర మేకుతో మూసే U ఆకారపు ఇనుప కడియమైన షాకిల్‌తో బిగించాక, ప్రతి షాకిల్ మేకు రంధ్రంలో నుంచి తీగ దూర్చి చుట్టూ రెండు మెలికలు తిప్పి కట్టండి. ఈ తీగ కట్టని షాకిల్ మేకు పడవ ఊగిసలాటకు మెల్లగా మర విప్పుకుని ఊడిపోతుంది, పైకి వచ్చేది ఉత్త గొలుసే. తాడుకు ప్రతి 15 అడుగులకూ ఒక రంగు దారం చుట్టి గుర్తు పెట్టుకోండి. గుర్తులు చెరిగిపోయిన రోజున మీ బార ఎంతో ముందే కొలుచుకుని ఉంటే చేతులతోనే లెక్కపెట్టవచ్చు. తాడు రెండో చివరను లంగరు దించక ముందే పడవకు కట్టి ఉంచాలి, కానీ షాకిల్‌తో కాదు, సన్నని దారంతో నాలుగైదు చుట్లు వేసి. ఆపదలో లంగరును వదిలి పారిపోవలసి వస్తే కత్తితో ఒక్క కోతలో తెగాలి. పడవ ముక్కు మీద తాడు కట్టే క్లీట్‌ను పైపైన స్క్రూలతో బిగించి ఉంటే, విప్పించి కింద చెక్కపలక పెట్టి బోల్టులతో బిగించండి. పాత పడవల్లో ఇది చూడటం మరీ అవసరం.

ఇక వేసే పద్ధతి. ముందు తెరచాప, అంటే ముక్కువైపు చిన్నది, దించి కట్టేయండి, కాళ్లకు అడ్డం పడకుండా ఉంటుంది. పెద్ద తెరచాపతో గాలికి ఎదురుగా వచ్చి పడవ పూర్తిగా ఆగే దాకా వేచి ఉండండి. అది వెనక్కి జరగడం మొదలుపెట్టాక లంగరును దించండి. విసరకండి, విసిరితే గొలుసు రెక్కలకు చుట్టుకుని లంగరు పనికిరాకుండా పోతుంది. నేల తగిలిన తరువాత పడవ వెనక్కి పోతున్న వేగానికే తాడు వదులుతూ ఉండి, మూడు రెట్లు దాటాక ఒకసారి మెల్లగా బిగించి పట్టుకుంటే రెక్కలు మట్టి వైపు తిరుగుతాయి. మొత్తం వదిలాక క్లీట్‌కు కట్టి, తెరచాప దూలాన్ని చేత్తో గాలిలోకి నెట్టి పట్టుకోండి. పడవ వెనక్కి నడుస్తుంది, లంగరు దిగబడుతుంది. ఆ తరువాతే పెద్ద తెరచాప దించండి.

పట్టిందో లేదో తాడే చెబుతుంది. ముక్కు బయట బిగిసిన తాడు మీద అరచేయి ఉంచి చూడండి: పట్టిన లంగరు తాడు నెమ్మదిగా సాగి సడలుతుంది, ఈడుస్తున్న లంగరు తాడు గరగరమని వణుకుతూ తెరలు తెరలుగా కుదుపుతుంది. దానితో పాటు పక్కవైపు ఒడ్డున ఒకే వరుసలో కనిపించే రెండు గుర్తులు, దగ్గరిదొకటి దూరానిదొకటి, చూసుకోండి. తాటిచెట్టు, దాని వెనక సెల్ టవర్ అయినా సరే. అవి విడిపోయి ఒకే దిక్కుకు జరుగుతూ పోతే భోజనం ఆపి లేవండి.

ప్రశ్న: మా చిన్న పడవలో లంగరును ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ముక్కు మీద పెడితే కాళ్లకు తగులుతుంది, లోపల పెడితే తాడు ప్రతిసారీ చిక్కుపడుతుంది. తాడును చక్కగా చుట్ట చుట్టే పెడుతున్నాము.
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: చుట్ట చుట్టడమే చిక్కుకు కారణం అమ్మా. చేతి మీద చుట్టే ప్రతి చుట్టుకూ తాడులో ఒక మెలిక పడుతుంది, తడి నైలాన్‌లో ఆ మెలికలన్నీ కలిసి ముడులవుతాయి. చుట్టకుండా వదిలేయండి. పలమనేరు టమోటా మార్కెట్లో కనిపించే ప్లాస్టిక్ క్రేట్ ఒకటి తెచ్చుకుంటే అంతకన్నా మంచి లంగరు పెట్టె దొరకదు: చుట్టూ రంధ్రాలున్నాయి కాబట్టి నీరు కారిపోతుంది, గాలి తగులుతుంది, ధర తక్కువ. తాడు చివరను అడుగు రంధ్రం గుండా బయటకు తీసి పడవకు కట్టి, మిగతా తాడును ఆ చివరి నుంచే మొదలుపెట్టి ఎలా పడితే అలా క్రేట్‌లోకి జారవిడుస్తూ పోండి. చూడటానికి చిందరవందరగా ఉంటుంది, కానీ పడిన వరుసకు తలకిందుల వరుసలో లేస్తుంది కాబట్టి చిక్కుపడదు. తాడు మీద గొలుసు, దాని మీద లంగరు ఉండాలి. మధ్యలో చక్కగా సర్దుదామని ఎవరైనా చేయి పెడితేనే ప్రమాదం. ఇంటికి వచ్చిన చుట్టాలకు ఆ మాట ముందే చెప్పండి.

క్రేట్‌ను ముక్కు చివర కాకుండా తెరచాప స్తంభానికి కాస్త ముందు, పడవ అడుగున పెట్టండి. లంగరు, గొలుసు కలిపి 8 కిలోలు ముక్కు చివర ఉంటే చిన్న పడవ ముక్కు అలల్లోకి పొడుచుకుంటూ పోతుంది. క్రేట్‌ను పడవకు, లంగరును క్రేట్‌కు రబ్బరు పట్టీతో కాకుండా తాడుతో కట్టండి. చిన్న తెరచాప పడవలు తిరగబడటం అరుదైన సంగతేమీ కాదు, తిరగబడినప్పుడు ఆ ఇనుము తల మీదికి జారకూడదు. కానీ ఆ కట్టును ఒక్క లాగుతో విప్పగలగాలి. గాలి ఆగి, ప్రవాహం పడవను రాళ్ల వైపు తోస్తున్నప్పుడు మీ చేతిలో ఉండే బ్రేకు లంగరు ఒక్కటే. దాన్ని సామాన్ల అడుగున దాచి పెట్టేవారిని చూస్తే మాకు కొంచెం కోపమే వస్తుంది.

డాన్‌ఫర్త్ రకాన్ని మడిచేటప్పుడు రెక్కకూ కాడకూ మధ్య వేలు ఉంచకండి. పడవను ట్రైలర్ మీద తీసుకువెళ్లేటప్పుడు లంగరును పడవలో నుంచి తీసి కారు డిక్కీలో పెట్టండి. ఇంటికి వచ్చాక గొలుసును, తాడును మంచి నీటితో కడిగి నీడలో ఆరవేయండి. మిద్దె మీద ఎండలో వారాల తరబడి వదిలితే నైలాన్ కూడా బలం కోల్పోతుంది. గొలుసుకు గాల్వనైజింగ్ పోయి ఎర్రటి తుప్పు కనిపిస్తే రంగు వేసి దాచకండి. తుప్పు తిని సన్నబడిన కడియాలుంటే కొత్త గొలుసు కొనాల్సిందే.

ప్రశ్న: పులికాట్‌లో కొందరు లంగరు వేయకుండా గడను బురదలో దింపి పడవను దానికి కట్టడం చూశాను. మేము కూడా అలా చేయవచ్చునా?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జవాబు: మూడు నాలుగు అడుగుల నీటిలో, మెత్తటి బురదలో, మనిషి పడవలో ఉన్నంతసేపు నిక్షేపంగా చేయవచ్చు. గడ రెండు మూడు అడుగులు దిగాలి, పడవ ముక్కు నుంచే కట్టాలి. ఇసుక అడుగులో, గాలి పెరిగినప్పుడు దాన్ని నమ్మకండి. ఆ సరస్సు పక్షుల అభయారణ్యం కనుక అటవీశాఖ అనుమతి లేకుండా పడవ దింపకూడదు. చలికాలంలో రాజహంసలు మేత మేసే చోట్లకు దూరంగా ఉండండి, వలల కర్రలకు పడవ కట్టకండి.

ప్రశ్న: లంగరు అడుగున ఇరుక్కుపోతే ఎలా తీయాలి? మా స్నేహితులు ముగ్గురు ఒకే వైపు వంగి లాగితే పడవలోకి నీళ్లు వచ్చాయి.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: ముగ్గురూ ఒకే వైపు వంగడం మానేయాలి, పక్క నుంచి లాగడం కూడా మానేయాలి. లాగేది ఎప్పుడూ ముక్కు నుంచే. అదే కారణంగా లంగరు తాడును పడవ వెనక కూడా కట్టకూడదు. వెనక గోడ తక్కువ ఎత్తులో ఉంటుంది, మనుషుల బరువు, ఇంజను బరువు అక్కడే ఉంటాయి, ఒక్క అల చాలు.

తాడును లాగుతూ పడవను సరిగ్గా లంగరు పైకి తెచ్చి, తాడు నిటారుగా బిగిసేలా క్లీట్‌కు కట్టి, అందరినీ వెనక్కి జరగమనండి. బురదలో అయితే కొద్ది నిమిషాలు ఓపిక పట్టండి. బురద పట్టు ఒక్కసారిగా తెగదు, పడవ తేలే బలం మెల్లగా దాన్ని లేపుతుంది. రాతిలో ఇరుక్కుంటే తాడు కొంచెం వదులు చేసి, లంగరును దాటి ముందుకు పోయి, వేసిన దిక్కుకు ఎదురు దిక్కు నుంచి లాగండి. రాళ్లున్నాయని ముందే తెలిసిన చోట లంగరు తల దగ్గర మరో సన్న తాడు కట్టి, దాని చివర ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను తేలవేయండి. ఆ తాడు పట్టి లాగితే లంగరు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. గాలి ముదురుతూ ఉంటే లంగరు కోసం పట్టుబట్టకండి. తాడు చివరకు ఆ డబ్బానే కట్టి నీటిలో వదిలేసి, మరునాడు వచ్చి తీసుకోండి.

ప్రశ్న: చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, స్నేహితులతో కలిసి చిన్న తెరచాప పడవలో రాత్రి లంగరు వేసి ఉంటానంటున్నాడు. దీపం పెట్టడం తప్పనిసరా?
– ఒక పాఠకుడు, పుత్తూరు

జవాబు: పడవలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, లంగరు వేసిన చిన్న పడవ రాత్రివేళ అన్ని దిక్కులకూ కనిపించే ఒక తెల్లని దీపాన్ని, పగలు ఒక నల్లని గోళాన్ని చూపాలి. 7 మీటర్లకు తక్కువ పొడవున్న పడవకు మినహాయింపు ఉంది, కానీ అది ఇరుకు కాలువల్లో గానీ, ఓడల దారిలో గానీ, ఇతర పడవలు తిరిగే చోట గానీ, లంగరు వేసుకునే తావుల్లో గానీ చెల్లదు. చెన్నై తీరంలో అటువంటి తావు కాని చోటు మీ అబ్బాయికి దొరకడం కష్టం, కాబట్టి దీపం పెట్టమనండి. 12 మీటర్ల లోపు పడవలకు ఆ దీపం 2 నాటికల్ మైళ్ల దూరం కనిపించాలి. స్తంభం కొసన ఉన్న దీపం ఓడలకు కనిపిస్తుంది గానీ, తెల్లవారుజామున వేటకు బయలుదేరే జాలరి కంటికి అది నక్షత్రాల్లో కలిసిపోతుంది. ముక్కు దగ్గర, నిలబడిన మనిషి తల కన్నా కాస్త ఎత్తులో ఇంకొకటి వేలాడదీయడం మంచిది.